మార్కులు వచ్చాయి, మరి సైన్సు వచ్చిందా?

ఆరోగ్య విషయాల కోసం ఈ పుటలు తెరిచే పాఠకులు ఈసారి బడి చదువు గురించిన వ్యాసం చూసి కొంత ఆశ్చర్యపడవచ్చు. రక్తపోటు గురించో మధుమేహం గురించో వ్రాయవలసిన వైద్యునికి ఆరో తరగతి సైన్సు పాఠంతో పనేమిటని అడగవచ్చు. పని ఉన్నది. నలభై ఏళ్ల వైద్యవృత్తిలో నేను చూసిన కష్టనష్టాలలో కొన్నింటికి మూలం, రోగి గానీ అతని ఇంటివారు గానీ ఎప్పుడో ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో చదివి, మార్కులు కూడా తెచ్చుకొని, అవసరం వచ్చినప్పుడు వాడుకోలేకపోయిన ఒక చిన్న పాఠంలో ఉన్నది.

హైస్కూలు తొలి మూడేళ్లలో, అనగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో, పిల్లలకు సైన్సు ఎలా బోధిస్తున్నాము, ఎలా పరీక్షిస్తున్నాము అన్నది విద్యాశాఖకు మాత్రమే సంబంధించిన విషయం కాదని నా నిశ్చితాభిప్రాయం. అది ప్రజారోగ్యానికి సంబంధించినది. ఈ రెండింటిలోనూ ముందుగా మారవలసినది పరీక్ష. పరీక్ష మారనిదే పాఠం మారదు. ఎందుకో చెబుతాను; తుదివరకు చదివి, మీకు సమ్మతమో కాదో మీరే నిర్ణయించుకోండి.

సీసాలో ఎంత బలం ఉన్నది?

"నీరసంగా ఉన్నది డాక్టరు గారూ, ఒక సెలైన్ పెట్టండి." తెలుగునాట ఏ వైద్యుడైనా ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవారిలో చదువురానివారూ ఉంటారు, పట్టభద్రులూ ఉంటారు. సీసాలో ఏమున్నదో దాని మీదనే వ్రాసి ఉంటుంది. సాధారణ సెలైన్ 0.9 శాతం ఉప్పునీరు. అర లీటరు సీసాలో ఉన్న ఉప్పు నాలుగున్నర గ్రాములు, అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచాడు. గ్లూకోజు సీసా అయితే 5 శాతం. అర లీటరులో 25 గ్రాముల చక్కెర. రెండు అరటిపండ్లలో దాదాపు అంతే ఉంటుంది. నోటితో తినగలిగిన, త్రాగగలిగిన మనిషి కొన్ని వందల రూపాయలు పోసి, సూది పోటు భరించి, ఆ సూది ద్వారా ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశాన్ని కూడా కొని తెచ్చుకుంటున్నది దీనికోసమే. వాంతులు ఆగనప్పుడు, రక్తపోటు పడిపోయినప్పుడు, స్పృహ తప్పినప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది. అందులో సందేహం లేదు. నేను చెబుతున్నది కేవలం నీరసానికి, తృప్తికి పెట్టించుకునే సెలైన్ గురించి.

ఈ లెక్కకు కావలసిన శాతాలు ఏడో తరగతి గణితంలో ఉన్నాయి. ద్రావణం, ద్రావితం అన్న మాటలు సైన్సు పుస్తకంలో ఉన్నాయి. రెండింటినీ కలిపి, గోడకు వ్రేలాడుతున్న సీసా వైపు చూసి ఆలోచించడం మాత్రం పరీక్షలో ఎన్నడూ అడగలేదు. కనుక ఎవరూ నేర్పలేదు.

మరొక ఉదాహరణ చూడండి. పసిబిడ్డల జ్వరానికి వాడే పారాసెటమాల్ మందు డ్రాప్స్‌గా దొరుకుతుంది, సిరప్‌గానూ దొరుకుతుంది. మన దేశంలో సాధారణంగా దొరికే డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఒక రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 25. డ్రాప్స్ నాలుగు రెట్లు గాఢం. చిన్న సీసా కాబట్టి తేలిక మందు అనుకొని, సిరప్ కొలతలో డ్రాప్స్ పోసే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ పొరపాటు పసివాని కాలేయం మీద పడుతుంది. గాఢత అన్న ఒక్క భావన నిజంగా మనసుకు ఎక్కి ఉంటే ఆ చేయి అక్కడే ఆగేది.

ఓఆర్ఎస్ సంగతి ఇంకా పెద్దది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు అడుగంటినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ బొంగావ్‌లో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారా త్రాగించి, 30 శాతం ప్రాంతంలో ఉన్న మరణాలను 4 శాతం లోపుకు తీసుకువచ్చారు. దీని వెనుక ఉన్న సూత్రం చిన్నది. పేగు గోడ దాటేటప్పుడు గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకొని వెళుతుంది. ఆ రెండింటి వెంట నీరు వెళుతుంది. పాళ్లు సరిగా ఉంటేనే ఇది జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు. చక్కెర మితిమీరితే ద్రవాభిసరణం వల్ల నీరు ఒంటిలోనుంచి పేగులోకి ఎదురు వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి.

ఇంత తెలిసిన దేశంలోనే, చక్కెర అనేక రెట్లు ఎక్కువగా ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ అన్న పేరును పెట్టె మీద వేసుకొని ఏళ్ల తరబడి మందుల దుకాణాలలో అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సంవత్సరాల పాటు పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఆ పోరాటానికి మనమంతా ఋణపడి ఉన్నాము. అయితే ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. ఆ పెట్టెల వెనుక చక్కెర ఎంతో అంకెలలో ముద్రించే ఉన్నది. కొన్న లక్షలాది మందిలో చాలామంది పదో తరగతి దాటినవారే. ఆ అంకెను చదివి, లీటరుకు 13.5 గ్రాములతో పోల్చి చూసే అలవాటు మన బడి వారికి ఎందుకు ఇవ్వలేకపోయింది?

ఈ మూడేళ్లే ఎందుకు?

మన రెండు రాష్ట్రాలలోనూ ఆరు, ఏడు తరగతులలో సామాన్య శాస్త్రం ఒకే పాఠ్యాంశంగా ఉంటుంది. ఎనిమిదిలో భౌతిక రసాయన శాస్త్రాలు ఒకవైపు, జీవశాస్త్రం ఒకవైపు విడిపోతాయి. అంటే నీరు, మట్టి, మొక్క, శరీరం, అయస్కాంతం అన్నీ ఒకే లోకపు విషయాలుగా పిల్లవాని ముందు నిలిచేది ఈ తొలి ఏళ్లలోనే. పదకొండు నుంచి పదమూడేళ్ల వయసు. కంటికి కనిపించినదాన్ని దాటి, "ఇలా అయితే ఏమవుతుంది?" అని ఊహించి, ఊహను సరిచూసుకొనే శక్తి అప్పుడప్పుడే మొలకెత్తుతుంటుంది. అదే సమయంలో, అందరి ముందు ప్రశ్న అడగడానికి సిగ్గుపడే వయసు ఇంకా పూర్తిగా రాలేదు. తొమ్మిదికి వచ్చేసరికి పబ్లిక్ పరీక్ష నీడ పడుతుంది. ఆ తరువాత "ఎందుకు" అని అడిగే పిల్లవానికి "ముందు సిలబస్ పూర్తి కానీ" అన్న జవాబే దొరుకుతుంది.

పదో తరగతి తరువాత సైన్సు పుస్తకం మళ్లీ ముట్టనివారు ఎందరో ఉన్నారు. వాణిజ్యశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం వైపు వెళ్లేవారు, చదువు అక్కడితో ఆపేవారు, పెళ్లయి ఇల్లు నడిపే ఆడపిల్లలు, వీరంతా తమ ఇంటి బిడ్డలకు, ముసలివారికి తొలి వైద్యులు. వారికి జీవితాంతం వాడుకోవడానికి మిగిలేది హైస్కూలులో నేర్చుకున్న సైన్సే. దానిని కాబోయే ఇంజనీర్లను, డాక్టర్లను ఏరే జల్లెడగా మాత్రమే చూడడం న్యాయం కాదు.

కానీ జరుగుతున్నది అదే. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, నీట్ ఫౌండేషన్ అన్న పేర్లతో వేరే పుస్తకాలు, వేరే ఫీజులు. పై తరగతుల సూత్రాలను ముందే దించి, నాలుగు జవాబులలో ఒకదానికి గుర్తు పెట్టే సాధన చేయిస్తున్నారు. పన్నెండేళ్ల పిల్లవాడు న్యూటన్ సూత్రాన్ని ఉపయోగించి లెక్క చేస్తాడు. బస్సు హఠాత్తుగా ఆగితే తాను ముందుకు ఎందుకు తూలాడని అడిగితే తెల్లమొగం వేస్తాడు. పునాది అంటే నేలను గట్టిపరచి లోతుగా కట్టేది. పైకప్పు పెంకులు తెచ్చి నేల మీద పరిచితే పునాది కాదు.

పరీక్ష ఏది అడిగితే పాఠం అదే

పాఠ్యపుస్తకాలు బాగా లేవని నేను అనను. ప్రొఫెసర్ యశ్‌పాల్ ఆధ్వర్యంలో రూపొందిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005, బడి చదువును బడి వెలుపలి జీవితంతో ముడిపెట్టాలని, బట్టీ పద్ధతి నుంచి మళ్లాలని చెప్పింది. ఆ వెలుగులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త సైన్సు పుస్తకాలు వచ్చాయి. వాటిలో విద్యాప్రమాణాలను విడివిడిగా పేర్కొన్నారు: విషయావగాహన, ప్రశ్నించడం – పరికల్పన చేయడం, ప్రయోగాలు – క్షేత్రపరిశీలనలు, సమాచార నైపుణ్యాలు – ప్రాజెక్టు పనులు, బొమ్మలు గీయడం – నమూనాలు తయారుచేయడం, ప్రశంస – విలువలు, నిజజీవిత వినియోగం. ఇంతకంటే మంచి జాబితా వ్రాయమంటే నేను వ్రాయలేను. మూల్యాంకనం కూడా నిరంతరం, సమగ్రంగా ఉండాలన్నారు. పిల్లల భాగస్వామ్యం, వ్రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అంటూ నిర్మాణాత్మక మూల్యాంకనానికి మెట్లు ఏర్పరిచారు.

ఆచరణలో ఏమైనదో మీ ఇంట బడిపిల్లలుంటే మీకు తెలుసు. ప్రాజెక్టు పని స్టేషనరీ దుకాణంలో చార్టుగా దొరుకుతుంది. లేదా తండ్రి ఫోనులో వెదికి, తల్లి అతికించి, పిల్లవాడు పేరు మాత్రం వ్రాసుకొని వెళతాడు. ప్రయోగం చేయకుండానే "ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం" అని రికార్డు పుస్తకం నిండుతుంది. పరిశీలించకుండానే పరిశీలన వ్రాయడం పిల్లలకు మనం నేర్పుతున్న మొదటి శాస్త్రీయ అబద్ధం.

వైద్యునిగా నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. ప్రశ్నించే గుణాన్ని పరీక్షించాలన్న సదుద్దేశంతో, "ఒక మూత్రపిండాల వైద్యుని కలిస్తే నీవు ఏ ప్రశ్నలు అడుగుతావు?" వంటి ప్రశ్నలు పదో తరగతి జీవశాస్త్రంలో ప్రవేశపెట్టారు. ఎంత చక్కని ఆలోచన! గైడ్లు వెంటనే అయిదేసి ప్రశ్నలు తయారుచేసి అచ్చువేశాయి. పిల్లలు ఆ ప్రశ్నలను బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఈ అచ్చు క్రింది తరగతులకూ దిగింది. జవాబులను కంఠస్థం చేయడం మనకు అలవాటే. ప్రశ్నలను కంఠస్థం చేయించే స్థితికి కూడా వచ్చాము. ఆ పిల్లలే పెద్దవారై నా ఎదుట కూర్చున్నప్పుడు, "ఈ మాత్ర ఎందుకు? ఎన్నాళ్లు? మానేస్తే ఏమవుతుంది?" అని అడిగినవారు అరుదు. చీటీ మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయేవారే ఎక్కువ.

ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం ఉన్నది. వైరస్‌ల మీద యాంటిబయాటిక్‌లు పనిచేయవని వ్రాసిన పిల్లకు మార్కు వస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లో జలుబు చేసిన తమ్మునికి మందుల దుకాణం నుంచి యాంటిబయాటిక్ వస్తుంది. రెండు సంగతులూ ఆ పిల్ల మనసులో వేర్వేరు గదులలో ఉంటాయి. మధ్య తలుపు లేదు. ఆ తలుపు తెరవడమే సైన్సు బోధన. అది తెరుచుకున్నదో లేదో చూడడమే మూల్యాంకనం.

హోషంగాబాద్ చెప్పిన పాఠం

ఇది సాధ్యమేనా అని మీరు అడుగుతారు. మన దేశంలోనే, ఏ హంగూ లేని పల్లె బడులలో సాధ్యపడింది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అన్న రెండు స్వచ్ఛంద సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక ప్రయత్నం ప్రారంభించాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు సైన్సును పూర్తిగా ప్రయోగాల ద్వారా బోధించడం దాని లక్ష్యం. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా మౌలిక పరిశోధన సంస్థల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి గ్రామీణ ఉపాధ్యాయులతో కలిసి పనిచేశారు. 1978లో ప్రభుత్వం దానిని జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తరువాత ఆ బాధ్యత తీసుకున్నది.

పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చొని, చవక సామగ్రి గల కిట్లతో తామే ప్రయోగం చేసి, చూసినదానిని వ్రాసుకొని, తరగతిలో వాదించుకొని, ముగింపుకు వచ్చేవారు. వారి 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకం ప్రశ్నలు అడిగేది. జవాబులు పిల్లల నోటుపుస్తకంలో తయారయ్యేవి. సవాలీరామ్ అన్న కల్పిత వ్యక్తికి పిల్లలు తమ సందేహాలను ఉత్తరాలుగా వ్రాసేవారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబుతో నమూనాలు చేసి దేశమంతటా పేరుపొందిన అరవింద్ గుప్తా ఆ పనికి బీజం వేసుకున్నది ఈ కార్యక్రమంలోనే.

నేను ముఖ్యంగా చెప్పదలచినది వారి పరీక్ష గురించి. ఎనిమిదో తరగతి వ్రాతపరీక్షకు పిల్లలు తమ పుస్తకాలను, నోట్సును వెంట తీసుకువెళ్లవచ్చు. చూసి వ్రాయడానికి పనికిరాని ప్రశ్నలు వస్తాయి కాబట్టి కాపీ అన్న బెడద లేదు. దానితోపాటు ప్రయోగ పరీక్ష ఉండేది. పిల్లవాడు స్వయంగా కొలిచి, చేసి చూపాలి. పరీక్షే ప్రయోగాన్ని అడుగుతుంటే ఏ ఉపాధ్యాయుడు ప్రయోగాన్ని దాటవేస్తాడు? మన రాష్ట్రాలలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలో కూడా చేత్తో చేసి చూపవలసిన ప్రయోగ పరీక్ష లేదు. అది ఇంటర్మీడియట్‌లో కానీ రాదు. అప్పటికి వయసు పదిహేడు.

మూడు దశాబ్దాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. దానినుంచి నేను గ్రహించే గుణపాఠం ఒకటి ఉన్నది. ఎనిమిది వరకు ఒక తీరు, తొమ్మిది నుంచి పబ్లిక్ పరీక్ష కోసం వేరొక తీరు ఉంటే, పై తీరు క్రింది తీరును మింగుతుంది. కాబట్టి సంస్కరణ తొలి తరగతులలో మొదలుకావాలి, పదో తరగతి ప్రశ్నపత్రం దానికి అండగా నిలవాలి.

ఆక్షేపణలు, సమాధానాలు

"జ్ఞాపకం లేకుండా చదువేమిటి? మీరు మాత్రం ఎముకల పేర్లు బట్టీపట్టకుండా డాక్టరయ్యారా?" అని ఒక మిత్రుడు అడిగారు. నిజమే. పేర్లు, కొలతలు, వర్గాలు తలలో ఉండాలి. ఖాళీ తలతో ఆలోచన సాగదు. కానీ ఎముకల పేర్లు వచ్చినంత మాత్రాన మమ్మల్ని ఎవరూ వైద్యులనలేదు. విరిగిన చేయిని పట్టుకొని చూపగలిగిన తరువాతనే అన్నారు. జ్ఞాపకానికి మార్కులు ఉండనివ్వండి. మొత్తం మార్కులు దానికే పోకూడదన్నది నా వాదన.

"అంతర్గత మార్కులు పెడితే పాఠశాలలు ఇరవైకి ఇరవై వేసుకుంటాయి" అన్నది రెండవ ఆక్షేపణ. ఇదీ నిరాధారం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో పదో తరగతిలో 20 అంతర్గత మార్కుల విధానాన్ని తొలగిస్తున్నట్లు ప్రకటించి, ఆ విద్యాసంవత్సరానికి వాయిదా వేసింది. మార్కులు ఉదారంగా పంచిపెడుతుంటే వాటికి విలువ పోతుంది. అయితే ఆరు నుంచి ఎనిమిది తరగతులలో ఆ చిక్కు లేదు. ఆ మార్కులతో ఎవరికీ సీటు రాదు, పోదు. పోటీ లేని చోటనే నిజాయితీగా మూల్యాంకనం చేయడం సులభం. అటువంటి మూడేళ్లు చేతిలో ఉండి, వాటిని కూడా పబ్లిక్ పరీక్షకు నకలుగా మార్చుకుంటున్నాము.

"తరగతికి యాభై మంది, ప్రయోగశాల లేదు, ఉపాధ్యాయునికి బోధనేతర పనులు" అన్నది మూడవది. ఇది అన్నింటికంటే బరువైనది. ఉపాధ్యాయుని నిందించి లాభం లేదు. అతనికి సమయం, శిక్షణ, సామగ్రి ఇవ్వవలసినది ప్రభుత్వాలు, యాజమాన్యాలు. కానీ ఈ తరగతుల ప్రయోగాలకు కావలసినవి పసుపు, సున్నం, నిమ్మకాయ, మందారపూలు, అయోడిన్ చుక్క, గాజు గ్లాసు, కొలపాత్ర, ఒక థర్మామీటరు, సెకండ్ల ముల్లు ఉన్న గడియారం. యాభై మందిని నలుగురేసి పంచితే పన్నెండు పదమూడు జట్లు. నెలకు రెండు ప్రయోగాలు నిజంగా చేయించినా, రికార్డులో వ్రాసే ఇరవై ప్రయోగాల కంటే మేలు.

ఎలాంటి ప్రశ్నలు అడగాలి?

మాటలతో సరిపుచ్చకుండా కొన్ని నమూనాలు ఇస్తున్నాను. ఉపాధ్యాయ పాఠకులు వీటిని తమ అవసరానికి మార్చుకోవచ్చు.

ఒకటి. "తెల్లచొక్కా మీద పసుపు మరక పడింది. సబ్బు రుద్దగానే ఎర్రబడింది. దానిమీద నిమ్మరసం పిండితే ఏమవుతుంది? ఎందుకు? చేసి చూసి, నీ ఊహ సరిపోయిందో లేదో వ్రాయుము." సూచికల పాఠమంతా ఇందులో ఇమిడి ఉన్నది. ఊహ తప్పినా, తప్పిందని వ్రాసిన పిల్లవానికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

రెండు. "లీటరు నీటిలో కలపవలసిన ఓఆర్ఎస్ ప్యాకెట్టును ఒకరు 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపారు. ద్రావణం ఎన్ని రెట్లు గాఢమైనది? ఆ బిడ్డకు మేలా, కీడా?" జవాబు అయిదు రెట్లు, కీడు. అంత ఉప్పు పసిబిడ్డ రక్తంలో సోడియాన్ని ప్రమాదకరంగా పెంచగలదు. బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి కనుక, ప్యాకెట్టు మీది మాట చదవడమే ఇక్కడ అసలు పాఠం.

మూడు. "నీటితొట్లను వారానికి ఒకసారి ఖాళీ చేసి ఆరబెట్టాలని పంచాయతీవారు చెబుతారు. నెలకు ఒకసారి చేస్తే ఎందుకు సరిపోదు?" దోమ జీవితచక్రం బొమ్మ గీయమంటే అందరూ గీస్తారు. గుడ్డు పెద్దదోమ కావడానికి ఇంచుమించు వారం పదిరోజులే పడుతుందన్న సంగతిని డ్రైడేతో ముడిపెట్టగలిగినవారికే ఆ బొమ్మ అర్థమైనట్లు.

నాలుగు. "కూర్చొని ఉన్నప్పుడు నీ నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో మూడుసార్లు లెక్కించుము. రెండు నిమిషాలు పరుగెత్తిన తరువాత మళ్లీ లెక్కించుము. మూడు లెక్కలు ఒకేలా ఎందుకు రాలేదు?" గుండె బొమ్మను రంగులు వేసి గీసిన పిల్లలలో తన మణికట్టు మీద నాడి ఎక్కడున్నదో తెలియనివారిని ఎందరినో చూశాను.

అయిదు. "ఈ పొడి త్రాగిన పిల్లలు ఏడాదిలో అయిదు సెంటీమీటర్లు పెరిగారని ఒక ప్రకటన చెబుతున్నది. దానిని నమ్మడానికి ముందు నీవు ఇంకేమి తెలుసుకోవాలి?" త్రాగని పిల్లలు ఎంత పెరిగారని అడిగిన పిల్ల, వైద్యపరిశోధన అంతటికీ మూలమైన ప్రశ్నను అడిగినట్లే. అటువంటి పిల్లను రేపు ఏ మాయమందుల వ్యాపారీ మోసగించలేడు.

అంకె కంటే మాట మేలు

దిద్దే విధానం గురించి ఒక మాట. 1988లో ఇజ్రాయెల్‌కు చెందిన రూత్ బట్లర్ అన్న పరిశోధకురాలు, పదకొండు పన్నెండేళ్ల పిల్లలను మూడు రకాలుగా విభజించి చూశారు. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి ఎక్కడ బాగున్నదో, ఎక్కడ మెరుగుపడాలో చెప్పే వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారి పని మెరుగుపడింది, ఆసక్తి నిలిచింది. రెండూ అందుకున్నవారి పరిస్థితి మార్కులు మాత్రమే అందుకున్నవారి వలెనే ఉన్నది. అంకె కనబడగానే పిల్లవాని చూపు దానిమీదే నిలిచిపోతుందన్నమాట. వైద్యంలోనూ అంతే. "షుగరు 240" అని చెప్పి పంపితే రోగి భయపడతాడు. "రాత్రి అన్నం తగ్గించి, భోజనం తరువాత అరగంట నడిచి, పదిహేను రోజులకు మళ్లీ రండి" అంటే బాగుపడతాడు. ఆరు, ఏడు తరగతులలోనైనా స్లిప్ టెస్టు కాగితం మీద అంకెకు బదులు రెండు వాక్యాలు వ్రాయాలని నా సూచన.

మీరు చేయగలిగినది

ప్రభుత్వాలు మారేవరకు ఆగనవసరం లేదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే థర్మామీటరు పిల్లల చేతికివ్వండి. నాలుగు గంటలకొకసారి చూసి కాగితం మీద గీత గీయమనండి. మందు సీసా మీది గాఢతను, గడువు తేదీని వారిచేత చదివించండి. మందు పోసే పని మాత్రం మీరే చేయండి. బిస్కెట్టు ప్యాకెట్టు వెనుక చక్కెర ఎంతో లెక్క కట్టించండి. ప్రాజెక్టు పని మీరు చేసిపెట్టకండి; వంకరటింకరగా ఉన్నా వారి చేతి పనినే పంపండి. జన విజ్ఞాన వేదిక వెలువరించే 'చెకుముకి' వంటి పిల్లల సైన్సు పత్రిక ఒకటి ఇంటికి తెప్పించండి. తెలియని ప్రశ్న అడిగితే కసరకండి. "నాకూ తెలియదు, చూద్దాం పద" అన్న మాట ఏ ఫౌండేషన్ కోర్సు కంటే విలువైనది.

ఇక, తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మనమంతా అడిగే ప్రశ్న ఒకటే: "మా వాడికి ఎన్ని మార్కులు?" ఈసారి దానికి ముందు మరొకటి అడగండి: "ఈ నెలలో మా వాడు తన చేతులతో ఏ ప్రయోగం చేశాడు? చేసి ఏమి కనుగొన్నాడు?" ఒక్కరు అడిగితే బడి నవ్వి ఊరుకుంటుంది. పదిమంది అడిగితే ఆ సాయంత్రమే ప్రయోగశాల తాళం వెదుకుతారు. మనం ఏది అడిగితే బడి అదే ఇస్తుంది. ఇన్నేళ్లుగా మార్కులు అడిగాము, ఇచ్చింది. ఇప్పుడు సైన్సు అడుగుదాము.